గుడ్లు సరే, తల్లి సంగతేంది?

మా ఇంట్లో పెంచుకుంటున్న ఇగ్వానా, అంటే పెద్ద జాతి బల్లి, గుడ్లు పెట్టిందని తెలిసిన దగ్గర్నుంచీ చుట్టాలు, పక్కింటోళ్లు, ఎప్పుడూ పలకరించనోళ్లు కూడా వాట్సాప్‌లో అడిగింది ఒకటే, పిల్లలు ఎప్పుడొస్తాయి అని. ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని పిల్లలవుతాయి, నాకొకటి ఇస్తావా, ఒక్కోటి ఎంతకి పోతుంది. పెట్టిన ప్రాణి ఎట్లుంది, తింటోందా, లేచి తిరుగుతోందా అని అడిగినోళ్లు ఇద్దరే ఇద్దరు, ఒకరు మా అవ్వ, ఇంకొకరు దాన్ని చూసిన డాక్టరు గారు. నేనిది రాయడానికి కారణం అదే. పెంపుడు బల్లి అనుకోకుండా గుడ్లు పెడితే మన టైమూ, డబ్బూ, నిద్రా ఖర్చవ్వాల్సింది తల్లి మీద. గుడ్లని పొదిగించకూడదు. రెండో మాట చాలామందికి మింగుడుపడదని తెలుసు, మా ఇంట్లోనే పడలేదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది కడప, ఎర్రముక్కపల్లి. ఈ గ్రీన్ ఇగ్వానా మా పెద్దమ్మ కొడుకుది. అన్న బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు అరచేతిలో పట్టేంత పిల్లగా ఉన్నప్పుడు కొన్నాడు, షాపువాళ్లు మగది అని చెప్పి ఇచ్చినారు, అన్న రంగడు అని పేరు పెట్టుకున్నాడు. నాలుగేళ్లకి తోకతో కలిపి మనిషి చేయి బారు దాటి పెరిగింది. తర్వాత కెనడా పోవాల్సొచ్చి, కాగితాలన్నీ నా పేరు మీదకి మార్పించి, సంక్రాంతి అయిన వారంలో కారులో తెచ్చి మా ఇంట్లో దింపి పోయినాడు. వీసా పనుల మీద తిరిగిన రోజుల్లో దాన్ని ఒక స్నేహితుడి ఇంట్లో ఉంచాడంట, ఆ ఇంట్లో ఇంకో పెద్ద ఇగ్వానా ఉండేదంట. ఈ ముక్క మాకు ఆలస్యంగా తెలిసింది, ఎందుకు ముఖ్యమో కింద చెప్తా.

ఫిబ్రవరిలో తిండి తగ్గించింది. మొదట చలికనుకున్నాం, కానీ కడపలో ఫిబ్రవరికి చలెక్కడిది. తర్వాత గది మూలల్లో గోళ్లతో గీరడం మొదలుపెట్టింది, పొద్దున లేచినప్పటి నుంచి అదే పని, గోడ గీరుతుంది, తలుపు గీరుతుంది, పరుపు కిందికి దూరి అక్కడ గీరుతుంది. పొట్ట రెండు పక్కలా గడ్డలు గడ్డలుగా తేలింది, వెన్ను దగ్గర, తోక మొదట్లో మాత్రం కండ కరిగిపోయింది. అప్పుడు తొడల కింద చూసినా. ఎదిగిన మగ ఇగ్వానాకి అక్కడ వరసగా పెద్ద పెద్ద రంధ్రాలు, వాటిలోంచి మైనం లాంటిది పొడుచుకొచ్చి కనిపిస్తుంది, దవడ కింద బుగ్గలు బాగా వేలాడతాయి. మా రంగడికి ఆ రంధ్రాలు చిన్న చుక్కల్లా ఉన్నాయి, బుగ్గలూ అంతంతే. అవ్వ పక్కనే కూర్చుని చూసి, "ఇది రంగడు కాదమ్మే, రంగమ్మ. కడుపుతో ఉండాది" అనింది. ఆ రోజు నుంచి రంగమ్మే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆడ ఇగ్వానా మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. వయసొచ్చి, తిండి బాగుండి, పగటి వెలుతురు మారే కాలం రాగానే ఏడాదికోసారి లోపల గుడ్లు తయారవుతాయి, అవి ఫలించినవా కాదా అనేదానితో దాని ఒంటికి సంబంధం లేదు, భారం రెండింటికీ ఒకటే. మామూలుగా 20 నుంచి 70 దాకా పెడతాయి. మొత్తం కలిపితే ఒంటి బరువులో పావు వంతు, ఒక్కోసారి అంతకు మించి. తల్లి తన కొవ్వూ, కండా, ఎముకల్లోని కాల్షియమూ కరగదీసి వాటిల్లో పోస్తుంది. గుడ్లు లోపల కడుపంతా ఆక్రమించేస్తాయి కాబట్టి చివరి మూడు నాలుగు వారాలు తినడానికి చోటే ఉండదు. తినకుండా ఉన్నా కళ్లు చురుగ్గా ఉండి, తిరుగుతూ, నీళ్లు తాగుతుంటే భయం లేదు. మందంగా పడిపోయి, కళ్లు మూసుకుని, వెనక కాళ్లు ఈడుస్తూ, వేళ్లు వణుకుతుంటే మాత్రం అది ప్రాణం మీదికి వచ్చినట్టే, తెల్లారేదాకా కూడా ఆగకూడదు.

ఎందుకంటే ఇట్లాంటి పెంపుడు బల్లుల్ని చంపేది చాలాసార్లు ఎగ్ బైండింగ్, అంటే గుడ్లు బయటికి రాక లోపలే ఇరుక్కుపోవడం. దీనికి కారణాలు వినడానికి చాలా చిన్నవిగా ఉంటాయి. తవ్వుకోవడానికి మట్టి లేకపోవడం. ఒంట్లో నీళ్లు తగ్గడం. కాల్షియం తగ్గడం, కాల్షియం లేకపోతే కండరం బిగుసుకోదు, గుడ్డుని ముందుకి తోసేది ఆ కండరమే. ఎండ తగలకపోవడం, ఎండలోని యూవీబీ కిరణాలు చర్మం మీద పడితేనే డి3 విటమిన్ తయారవుతుంది, డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. అద్దాల కిటికీలోంచి వచ్చే ఎండ ఎంతున్నా దండగ, అద్దం యూవీబీని ఆపేస్తుంది. చలవరాతి నేల మీద, అద్దాల పెట్టెలో, ట్యూబ్‌లైటు కింద ఉంచిన ఆడ ఇగ్వానాకి ఇవన్నీ ఒకేసారి కరువు. గుడ్లు పెట్టే చోటు దొరక్కపోతే అది పెట్టకుండా ఆపుకుంటుంది, ఆపుకుని ఆపుకుని చచ్చిపోతుంది. అందుకే నేను మొదట చేసింది మట్టి సంగతి చూడటం.

మా మిద్దె మీద పాత నీలం నీళ్ల డ్రమ్ము ఉంటే దాన్ని పక్కకి పడుకోబెట్టి, పైభాగంలో అది దూరేంత కంత కోయించినా. లోపల ఇసుక, ఎర్రమట్టి సగం సగం కలిపి, గుప్పిట పడితే ముద్ద కట్టాలి కానీ నీళ్లు కారకూడదు, అంత తడి చేసి, మూరెడు లోతు నింపినా. తవ్విన సొరంగం కూలిపోకుండా నిలబడాలి, ఒట్టి ఇసుకైతే కూలిపోతుంది, మళ్లీ మళ్లీ తవ్వి అలిసిపోతుంది. పైన గోనెపట్ట కప్పి చీకటి చేసినా. తర్వాత పని ఏంటంటే దాన్ని వదిలేయడం, ఇది అన్నిటికన్నా కష్టం, ఇంటికి వచ్చిన ప్రతోళ్లూ ఒకసారి తొంగి చూస్తామంటారు. ఎవర్నీ పోనీయలేదు. చూసేవాళ్లుంటే అది తవ్వడం ఆపేస్తుంది.

డాక్టరు గారి గురించి చెప్పాలి. కడప జిల్లాలో ఇగ్వానా చూసే డాక్టర్లని నేను వెతికిన కొద్దీ దొరకలేదు, ప్రొద్దుటూరు వైపు ఆవుల్నీ కుక్కల్నీ చూసే ఒకాయన, "నేనిది ఇంతవరకు చూడలేదమ్మా, కానీ తెలుసుకుని చూస్తా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద ఎక్కడలేని గౌరవం కలిగింది. తెలిసినట్టు నటించి ఏదో సూది వేసి పంపేవాళ్లు నాకు అంతకుముందే తగిలారు. ఆయన బెంగళూరులో తనకి తెలిసిన డాక్టరుకి ఫోన్ చేసి, ఎక్స్‌రే తీయించి, గుడ్లు లెక్కపెట్టి, ముప్పై పైనే ఉన్నాయి, ఏదీ పగల్లేదు, ఆకారం బాగుంది, పెట్టనివ్వండి అన్నాడు. ఆ లెక్క రాసి పెట్టుకోమన్నాడు. గుడ్లు పెట్టాక బయట ఎన్ని ఉన్నాయో లెక్కేస్తే లోపల మిగిలాయా లేదా తెలుస్తుంది, లేకుంటే మళ్లీ ఎక్స్‌రే. మీ దగ్గర కూడా ఇట్లాంటిదేమైనా జరిగితే ఎక్స్‌రే ముందే తీయించండి, తర్వాత వచ్చే అనుమానాలన్నిటికీ అదొక్కటే జవాబు.

శివరాత్రి దాటాక ఒక రాత్రి పెట్టేసింది. పొద్దున చూస్తే డ్రమ్ము నోరు మట్టితో పూడ్చేసి, దాని మీద పడుకుని, ఇంకా ముందు కాళ్లతో మట్టి లాగుతోంది. కడుపు లోపలికి పోయింది, తుంటి ఎముకలు పైకి కనిపిస్తున్నాయి, చర్మం మడతలు పడి వేలాడుతోంది. నేను చూసిన ప్రాణుల్లో అంత అలిసిపోయినది ఇంకోటి లేదు. అప్పుడు కూడా మట్టి మీంచి దిగనంటుంది, గుడ్లకి కాపలా కాస్తుంది, కాసేపు అట్లే వదిలేసి తర్వాత మెల్లగా ఎత్తి గోరువెచ్చటి నీళ్ల టబ్బులో దింపినా. నీళ్లలో తల పెట్టి తాగింది, చాలాసేపు తాగింది.

అవ్వ వచ్చి చూసి ఒక్క మాట కూడా మాట్లాడకుండా లోపలికి పోయింది, పోయి మునగాకు దూసుకుని వచ్చింది. మా ఇంట్లో, మా పెద్దమ్మ వాళ్లింట్లో, ఆ సందులో ఎన్ని కాన్పులైనా బాలింతని చూసుకునేది మా అవ్వే, అందరూ బిడ్డ చుట్టూ మూగితే ఈమె మాత్రం తల్లి దగ్గర కూర్చుంటుంది, వేడివేడిగా అన్నం పెడుతుంది, చెవుల్లో దూది పెడుతుంది, పడుకోనీయండి దాన్ని అని అందర్నీ బయటికి తోలుతుంది. రంగమ్మ విషయంలోనూ అదే చేసింది. బల్లి పచ్చి బాలింత, దాన్ని చూడనీయకుండా ఏందిరా మీ గోల అని మా తమ్ముడి ఫ్రెండ్సుని పంపేసింది. ఒంటి మీద బల్లి పడితే తలస్నానం చేసి దీపం పెట్టే మనిషి ఆమె.

తిండి విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే మంచి ఉద్దేశంతో ప్రాణం తీసేవాళ్లుంటారు. నీరసంగా ఉంది కదా అని కోడిగుడ్డు, చికెన్, పురుగులు పెట్టేస్తారు. గ్రీన్ ఇగ్వానా పూర్తిగా ఆకులు తినే ప్రాణి, మాంసం తినిపిస్తే కొన్నాళ్లకి మూత్రపిండాలు దెబ్బతింటాయి. దానికి కావాల్సింది కాల్షియం ఉన్న ఆకులు, అవి మన రాయలసీమలో కావాల్సినన్ని ఉన్నాయి. మునగాకు, అవిసాకు, మందార ఆకూ పువ్వూ, గుమ్మడికాయ తురుము, బీరకాయ. పాలకూర, తోటకూర మాత్రం రోజూ పెట్టొద్దు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనీయవు, పచ్చగా ఉంది కదా అని కట్టలు కట్టలు పాలకూర వేసేవాళ్లున్నారు. పైన డాక్టరు చెప్పినంత కాల్షియం పొడి చల్లాలి. ఎండ పొద్దున పూట, నీడలోకి పోయే దారి ఉండేలా. మన దగ్గర మార్చి నెలాఖరుకే పదింటికి మిద్దె కాలిపోతుంది, తీగల బోనులో పెట్టి మరిచిపోతే గంటలో ఉడికిపోతుంది. తడి కూడా ముఖ్యం, ఇది అమెరికా ఖండంలోని వాన అడవుల ప్రాణి, కడప గాలి దానికి మరీ పొడి, రోజుకి రెండు మూడుసార్లు నీళ్లు చిలకరించాలి.

ఇక గుడ్ల సంగతి. మట్టి తీసి చూస్తే ఎక్కువ గుడ్లు పసుపుగా, మెత్తగా, సొట్టలు పడి ఉన్నాయి, అవి ఫలించనివని చూడగానే తెలిసిపోతుంది. కొన్ని మాత్రం తెల్లగా, బిగువుగా ఉన్నాయి. చీకటి గదిలో వెనక నుంచి టార్చి కొట్టి చూస్తే ఒకట్రెండిట్లో లేత ఎరుపు చుక్క. అప్పుడు అన్నకి ఫోన్ చేస్తే ఆ స్నేహితుడి ఇల్లు, ఇంకో ఇగ్వానా సంగతి బయటపడింది.

నేను ఆ రోజే అన్ని గుడ్లనీ ఒక డబ్బాలో పెట్టి, గట్టిగా మూత బిగించి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టేసినా. రెండ్రోజులుంచి తర్వాత పెరట్లో లోతుగా పూడ్చినా. అందులో ఏమీ లేదు, ఒట్టి పచ్చసొనే అని నేను చెప్పను. బల్లి జాతుల్లో చాలావాటికి గుడ్డు బయటికి వచ్చేసరికే పిండం కొంత ఎదిగి ఉంటుంది. ఆ ఎరుపు చుక్క ప్రాణమే. అది తెలిసే పెట్టినా.

అవ్వ ఆ రోజు అన్నం తినలేదు. "దాన్ని బతికించి దీన్ని సంపితివే" అనింది. మా అమ్మ కూడా పాపం కదా అనింది. ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. గుడ్డుని చిదమకూడదు, గూడు పడగొట్టకూడదు అని పిల్లప్పటి నుంచి మాకు చెప్పి పెంచింది ఆమే. అందుకని ఆ రాత్రి ఆమె పక్కన కూర్చుని నేను చెప్పింది ఇక్కడ కూడా చెప్తా.

పదీ పదిహేను గుడ్లు ఫలించి పదే పిల్లలు వచ్చాయనుకుందాం. ఒక్కోటి పదిహేను, ఇరవై ఏళ్లు బతకగల ప్రాణి, ఐదారు అడుగులు పెరుగుతుంది, ఒక్కోదానికి ఒక చిన్న గది కావాలి, యూవీబీ లైటు కావాలి, ఆ లైటు వెలుగుతున్నా ఆరు నెలలు, ఏడాదికి శక్తి తగ్గిపోతుంది, మార్చాలి. రెండు మగవి ఒక చోట ఉంటే కరుచుకుంటాయి. మనకి తెలిసినవాళ్లలో ఇరవై ఏళ్లు ఇవన్నీ చేసేవాళ్లు ఎందరు? అడిగినోళ్లకల్లా ఇస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. పిల్ల ముద్దుగా ఉంటుంది, అక్వేరియం తొట్టిలో పెడతారు, పాలకూర పెడతారు, కొన్ని నెలలకి దవడ మెత్తబడి వాస్తుంది, వెన్ను వంకర్లు పోతుంది, కాలి ఎముకలు వాటంతటవే విరుగుతాయి. కాల్షియం, ఎండ అందక ఎముకలు కరిగిపోయే జబ్బు అది, ఇగ్వానా పిల్లల్లో చాలా మామూలు. నెలల తరబడి నొప్పితో బతికి చచ్చిపోతాయి. ఫ్రీజర్‌లో ఆగిపోయిన చుక్కకి నొప్పి తెలిసేంత మెదడు ఇంకా తయారవలేదు. ఈ రెండిట్లో నేను ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది, ఎంచుకున్నా. పొదిగించకుండా ఊరికే వదిలేయడం ఎంచుకోవడం కిందికి రాదనుకునేవాళ్లు మార్చిలో మా మిద్దె మీదికి వచ్చి చూడండి, ఆ గుడ్లకి 29 నుంచి 31 డిగ్రీలు మూడు నెలలు నిలకడగా కావాలి, ఇక్కడ మధ్యాహ్నం నీడలోనే 40 దాటుతుంది, కరెంటు పోతే థర్మాకోల్ పెట్టె ఇంక్యుబేటరు పొయ్యి అవుతుంది. సగం ఎదిగిన పిల్లలు లోపలే ఉడికి చస్తాయి, లేదా అవిటివై బయటికొస్తాయి. చేతనైతే పూర్తిగా చేయాలి, లేదంటే మొదటి రోజే ఆపాలి, మధ్యలో దేవుడి మీద వదిలేయడం అన్నిటికన్నా క్రూరం.

అవ్వ ఒప్పుకుందా అంటే ఒప్పుకోలేదు. కానీ పొద్దున లేచి రంగమ్మకి మునగాకు దూసింది.

లంకమలలో వదిలేయొచ్చు కదా, అడవే కదా అని ఒకరు కాదు, చాలామంది అన్నారు. బాగా చదువుకున్నోళ్లే. మన శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం కలివి కోడి కోసం పెట్టింది, ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న పిట్ట 1986లో మన కడప జిల్లా పొదల్లోనే మళ్లీ దొరికింది. అట్లాంటి చోట వేరే ఖండం బల్లుల్ని వదలడమా? ఎక్కువ భాగం ఎండకి, కుక్కలకి చచ్చిపోతాయి, అదొక పాపం. బతికి నిలదొక్కుకుంటే అది ఇంకా పెద్ద సమస్య. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇట్లా పెంపుడువి తప్పించుకుని, వదిలేయగా పెరిగిన ఇగ్వానాలు కాలువ గట్ల నిండా సొరంగాలు తవ్వి గట్లు కూల్చేస్తున్నాయి, ప్యూర్టో రికో, తైవాన్, ఫిజీలో కూడా ఇదే తలనొప్పి. తైవాన్‌లో మనుషుల్ని పెట్టి పట్టించి చంపిస్తున్నారు. చలి వచ్చినప్పుడు ఫ్లోరిడాలో కొన్నైనా కొయ్యబారి చెట్ల మీంచి పడిపోతాయి, మన కడపలో ఆ చలి కూడా లేదు. మన కర్నూలు-కడప కాలువ, అదే కె.సి. కెనాల్, గట్టు మీద నిలబడి ఒకసారి ఊహించుకోండి, ఆ గట్లు ఇప్పుడే అంతంతమాత్రం.

అమ్ముకోవడం గురించి అడిగినోళ్లకి నా జవాబు చట్టంతో మొదలవుతుంది. గ్రీన్ ఇగ్వానా 1977 నుంచి సైటీస్, అంటే అడవి ప్రాణుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం, రెండో అనుబంధంలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో సైటీస్ ప్రాణులన్నీ నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చినాయి, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇట్లాంటి ప్రాణి ఇంట్లో ఉంటే కేంద్ర ప్రభుత్వం వారి పరివేష్ అనే వెబ్‌సైటులో రిజిస్టర్ చేయించాలి, పిల్లలు పుట్టినా, చచ్చినా, చేతులు మారినా అధికారులకి తెలపాలి. వాట్సాప్‌లో ఫోటో పెట్టి, బస్సు పార్సిల్‌లో చిల్లుల డబ్బాలో పంపే వ్యాపారం ఇవేమీ లేకుండానే సాగుతోంది. ఆ డబ్బాల్లో చచ్చినవాటి లెక్క ఎవరూ రాయరు. నా ఇంట్లోంచి ఆ డబ్బాల్లోకి ఒక్క పిల్ల కూడా పోకూడదు.

కొంతమంది చదువుకున్న పిల్లలు ఇంకోలా వాదిస్తారు. 2006లో ఇంగ్లండులో చెస్టర్ జూలో ఒక కొమొడో డ్రాగన్, అంటే ఉడుము జాతి పెద్ద బల్లి, మగతోడు లేకుండా ఫలించిన గుడ్లు పెట్టిన సంగతి పంపి, అక్కా నీదీ అట్లాంటి అద్భుతమేమో, సైన్సు కోసమైనా పొదిగించాల్సింది అన్నారు. కొమొడో సంగతి నిజం, చాలా గొప్ప సంగతి. కానీ మా ఇంట్లో అద్భుతమేమీ జరగలేదు, ఇంకో ఇగ్వానాతో కలిసి ఉంది, అంతే. పైగా సైన్సు చేసేవాళ్లకి రికార్డులుంటాయి, రక్తపరీక్షలుంటాయి, పుట్టిన ప్రతి పిల్లకీ చోటుంటుంది. మన దగ్గర ఫోనూ, కుతూహలమూ ఉన్నాయి, వాటితో ఒక ప్రాణిని పుట్టించే హక్కు రాదు.

ఇదంతా చదివి నాకు గుడ్లంటే పడదని అనుకోవద్దు. మా గులాబీ కుండీలో ప్రతి ఏడాదీ వానలకి తొండ వచ్చి గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. ఆ కుండీని కదిలించనీయను, ఎవరైనా మొక్క మార్చేటప్పుడు గుడ్లు బయటపడితే తిప్పకుండా, పై వైపు పైకే ఉండేలా అదే లోతులో పెట్టి మట్టి కప్పమంటా, ఎందుకంటే బల్లి గుడ్డులో పిండం పెంకుకి లోపల ఒక పక్క అంటుకుని ఉంటుంది, తిరగేస్తే సొన కింద నలిగి చనిపోతుంది. స్విచ్చు బోర్డు వెనక గట్టి పెంకుతో ఉండే రెండు తెల్ల గుడ్లు ఇంటి బల్లివి, వాటి జోలికి కూడా పోనవసరం లేదు. శేషాచలం కొండల్లో బంగారు బల్లి చీకటి బండల సందుల్లో గుడ్లు రాతికే అతికించి పెడుతుంది, చాలా ఆడవి ఒకే చోట పెడతాయి, ట్రెక్కింగ్ పోయినోళ్లు గోటితో గీకి చూస్తారు, దయచేసి చేయొద్దు. ఉడుము గుడ్లయితే కదిలించడం కూడా నేరమే, అది వన్యప్రాణి చట్టం అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్ ప్రాణి. ఇవన్నీ ఈ నేల ప్రాణులు, వాటి పిల్లలకి ఇక్కడ పురుగులున్నాయి, పొదలున్నాయి, ఎండ లెక్క తెలుసు, మన సాయమేమీ అక్కర్లేదు, మనం అడ్డం రాకుంటే చాలు. ఇగ్వానా పిల్లకి పుట్టిన నిమిషం నుంచి చచ్చేదాకా ప్రతిదీ మనిషే ఇవ్వాలి. నేను రెండు గుడ్లని రెండు రకాలుగా చూడటానికి కారణం ఇదే, అవ్వకి కూడా చివరికి కొంచెం అర్థమైంది ఈ తేడానే అనుకుంటా, ఎందుకంటే మొన్న తొండ కుండీ చుట్టూ ఆమే ఇటుకలు పేర్చింది.

ఇంకో మాట మన డాక్టర్ల గురించి. ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, తిరుపతిలో ఉంది. ఆవులు, గొర్రెలు మన సీమకి ప్రాణం, వాటి చదువే ముందుండాలి, కాదనను. కానీ పట్నాల్లో ఇళ్లల్లోకి ఇగ్వానాలూ, తాబేళ్లూ, చిలకలూ వచ్చేసినాయి, వాటిని పెంచేవాళ్లు పెరుగుతున్నారు, జబ్బు చేస్తే బెంగళూరు, హైదరాబాదు పరుగెత్తాలంటే ఎగ్ బైండింగ్ అయిన ప్రాణి దారిలోనే పోతుంది. జిల్లాకొక్క డాక్టరుకైనా ఈ ప్రాణుల మీద కొన్ని వారాల శిక్షణ ఇప్పిస్తే చాలు. అప్పటిదాకా పెంచేవాళ్లు చేయగలిగింది, ఆడదని తెలిసిన రోజే, గుడ్లు రాకముందే, ఫోన్‌లో సలహా చెప్పగల డాక్టరు నంబరు సంపాదించి పెట్టుకోవడం, తోక మొదలు ఫోటో, బరువు నెలకోసారి రాసి పెట్టుకోవడం. చేతులు సబ్బుతో కడుక్కోవడం కూడా, పాకే ప్రాణుల ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది, ఇంట్లో పసిపిల్లలుంటే ఇంకా జాగ్రత్త.

రంగమ్మ ఇప్పుడు తింటోంది. తోక మొదట్లో కండ మళ్లీ పడుతోంది, బరువు ఇంకా పూర్తిగా రాలేదు. వచ్చే చలికాలానికి మళ్లీ గుడ్లు కడుతుంది, మగతోడు ఉన్నా లేకపోయినా, ప్రతి ఏడాదీ ఇదే భారం, ప్రతిసారీ ఇదే గండం. అందుకే అండాశయాలు తీసేసే ఆపరేషన్ చేయించాలని అనుకుంటున్నా. మత్తు మందు ప్రమాదం లేకపోలేదు, చిన్న ఒంటికి అది చిన్న విషయమేం కాదు, కానీ ఏటేటా ఒంటిని కరిగించుకోవడంతో పోలిస్తే ఒక్కసారి ఆ ప్రమాదం మేలని బెంగళూరు డాక్టరు కూడా అన్నాడు, బరువు పూర్తిగా వచ్చాక, కొత్త గుడ్లు కట్టకముందు చేయాలన్నాడు. దసరా లోపల తీసుకుపోవాలి. ఖర్చులో సగం పెట్టుకోమని అన్నకి ఫోన్ చేసి అడిగినా, పెట్టుకుంటా అన్నాడు.